గొలుసు విప్పే ముందు

కుక్కల గురించి మన పత్రికలో వ్యాసమా అని కొందరు నవ్వుకోవచ్చు. "మనుషులకే కాళ్లు చాపుకునే చోటు లేని కామాటిపురలో కుక్కలకు మైదానం కావాలా?" అని మా ఇంట్లోనే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కాని ఇవాళ మన చాళ్లలో కూడా కుక్కను పెంచే ఇళ్లు కనిపిస్తున్నాయి. మన పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఫ్లాట్లలో కుక్కలను పెంచుకుంటున్నారు. సాయంత్రం కాగానే వాటిని గొలుసు విప్పి వదిలే పార్కులకు తీసుకువెళుతున్నారు. నాలుగు నెలలు ఉండి వద్దామని వెళ్లిన తల్లిదండ్రుల చేతికి ఆ గొలుసు వస్తోంది.

గొలుసు విప్పడం క్షణంలో పని. విప్పిన తర్వాత జరిగేదానికి పూచీ ఎవరిది? ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఆ ఒక్క సంగతే. దీన్ని నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. ఒక చిన్నపిల్ల చెయ్యి విరిగిన తర్వాత నేర్చుకున్నాను.

మోతి మా ఇంటికి వచ్చిన కథ

2020లో లాక్‌డౌన్ రోజుల్లో మా గల్లీలో ఒక తల్లికుక్క చనిపోయింది. దాని పిల్లల్లో ఒకదాన్ని మా అమ్మాయి చున్నీలో చుట్టుకుని మూడో అంతస్తుకు తెచ్చింది. గోధుమ రంగు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి ఉండేది. మోతి అని పేరు పెట్టింది. మా ఆవిడ ససేమిరా వీల్లేదంది. వారం తిరగకుండా ఆమే పెరుగన్నం కలిపి పెట్టడం మొదలుపెట్టింది.

మా చాళ్‌లో గది చిన్నది, గది ముందు పొడుగాటి గ్యాలరీ. పిల్లగా ఉన్నన్నాళ్లు మోతికి ఆ గ్యాలరీయే ప్రపంచం. ఏడాది దాటాక సరిపోలేదు. పరుగు లేని కుక్క చెప్పులు కొరుకుతుంది, అర్ధరాత్రి మొరుగుతుంది, ఇరుగుపొరుగుతో తిట్లు తినిపిస్తుంది. అందుకని ఆదివారం తెల్లవారుజామున దగ్గరలో ఉన్న ఒక మైదానానికి తీసుకువెళ్లి, ఎవరూ లేరని చూసుకుని గొలుసు విప్పేవాణ్ణి. అది కుక్కల కోసం కేటాయించిన చోటు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. "అందరూ విప్పుతున్నారు కదా" అని సర్దిచెప్పుకునేవాణ్ణి. బాకీ ఎగవేసినవాళ్ల నోట ఇదే మాట బ్యాంకులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. మా కింది అంతస్తులో ఉండే ఏడేళ్ల పాప, చేతిలో బిస్కెట్ పొట్లంతో అన్నతోపాటు మైదానానికి వచ్చింది. మోతి చూసింది, తోక ఊపుకుంటూ పరుగెత్తింది. "ఏమీ చెయ్యదు, భయపడకు!" అని అరిచాను. పాప భయపడి పరుగు లంకించుకుంది. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం. "మోతీ, మోతీ" అని గొంతు చించుకున్నాను. అది వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పాప మెట్ల దగ్గర బోర్లా పడింది. ఎడమ మణికట్టు ఎముక విరిగింది. మోతి మీదికి దూకినప్పుడు కాలిమీద గోరు గీసుకుంది. రక్తం రాలేదు గాని గీత పడింది.

నాకు కోపం వచ్చి మోతిని గొలుసుతో కొట్టాను. మహాభారతం ఆదిపర్వంలో సరమ కథ మనలో చాలామందికి తెలుసు. ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు యాగం జరిగేచోట కొట్టి తరిమారు. తల్లి సరమ వచ్చి, తప్పులేని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. చిన్నప్పటినుంచి విన్న ఆ కథ నాకు ఆ రోజు అర్థమైంది. గొలుసు విప్పింది నేను. పిలిస్తే వచ్చేలా నేర్పనిది నేను. దెబ్బలు తిన్నది మోతి.

ఆ పది రోజులు

ఆసుపత్రిలో డాక్టరుగారు కట్టు వేయకముందే రెండు ప్రశ్నలు అడిగారు. గీసుకున్నచోట సబ్బుతో కడిగారా? కుక్కకు టీకాలు వేయించిన కార్డు ఉందా? కడగలేదు. కార్డు ఉంది, కాని రేబిస్ టీకా గడువు దాటి మూడు నెలలయింది. ముప్పై ఏళ్లుగా ఖాతాదారులకు రెన్యువల్ తేదీలు గుర్తుచేస్తున్న మనిషిని, నా ఇంట్లో కార్డు నేను చూసుకోలేదు.

రేబిస్ లక్షణాలు పైకి కనబడిన తర్వాత రోగి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే కరిచినా, గీరినా వెంటనే 15 నిమిషాలపాటు ధారగా పడే నీళ్లలో సబ్బుతో కడగాలి, ఆలస్యం లేకుండా టీకా మొదలుపెట్టాలి. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు కూడా కావాలి. కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమంటారు. చొంగలో ఆ క్రిమి ఉన్న కుక్క సాధారణంగా ఆ పది రోజుల్లోనే జబ్బుపడి చనిపోతుంది. అలాగని పది రోజులు చూశాక టీకా వేయిద్దామని ఆగకూడదు. టీకా మొదలుపెట్టి, ఆ పక్కనే కుక్కను గమనించాలి.

ఆ రాత్రి పాప తల్లి మా గడప దగ్గరికి వచ్చింది. నేను ఎన్నో సంజాయిషీలు చెప్పాను. మోతి ఇంతవరకు ఎవరినీ కరవలేదని, చాలా మంచిదని అన్నాను. ఆమె అంతా విని, "అన్నా, మీ కుక్క మంచిదే కావొచ్చు. ఆ సంగతి నా బిడ్డకు ఎట్ల తెలుస్తది?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

ఆ పది రోజులు ప్రతి సాయంత్రం ఆమె మూడో అంతస్తు ఎక్కి వచ్చేది. "తిన్నదా? నీళ్లు తాగుతున్నదా?" అని అడిగి, మోతిని ఒకసారి చూసి దిగిపోయేది. నేను ఆఫీసులో ఉన్నా మనసు మోతి ముంతమీదే ఉండేది. పదకొండో రోజు పొద్దున ఆమె గడప బయటే నిలబడి ఒక రొట్టెముక్క మోతివైపు జరిపింది. ఏమీ అనలేదు.

వైద్యం ఖర్చులు నేనే పెట్టుకున్నాను. కాని ఆ పాప ఏడాదిపాటు మా వరండా మీదుగా వెళ్లవలసి వస్తే గోడకు అతుక్కుని నడిచేది. ఆ భయాన్ని ఏ పద్దులో రాయాలో నాకు తెలియలేదు.

ఈ ఊళ్లో ఇది పాత తగవే

కుక్కమీద ప్రేమ, మనిషి భద్రత ఈ రెంటి మధ్య తగవు బొంబాయికి కొత్త కాదు. 1832 జూన్‌లో ఈస్టిండియా కంపెనీ అధికారులు వీధికుక్కలను చంపిస్తూ, చంపిన కుక్కకు అర్ధ రూపాయి చొప్పున ఇచ్చారు. కుక్కను పవిత్రంగా చూసే పార్సీలు తిరగబడ్డారు. కోట ప్రాంతంలో దుకాణాలు మూతపడ్డాయి, సైన్యాన్ని పిలవవలసి వచ్చింది.

నా చిన్నతనంలో మునిసిపాలిటీ కుక్కలబండి గల్లీలోకి వస్తోందంటే పిల్లలం కుక్కపిల్లలను మంచాల కింద దాచేవాళ్లం. ముంబై మునిసిపాలిటీ వీధికుక్కలను చంపడం 1994లో మానేసింది. వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్నచోటే వదలాలని కేంద్రం 2001లో నిబంధనలు చేసింది. 2023లో వాటిని తిరగరాసింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమని ముందు ఆదేశించి, కొద్దిరోజులకే దాన్ని సవరించింది. అదే ఏడాది నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తొలగించమంది. ఆ రోజుల్లో రెండు పక్షాలూ ఎంత ఆవేశంగా మాట్లాడుకున్నాయో మనమంతా టీవీలో చూశాం.

ఇంట్లో పెంచే మనం గుర్తుంచుకోవలసింది ఒకటుంది. మన నిర్లక్ష్యం వల్ల ఒక పిల్లకు దెబ్బ తగిలితే, జనం కోపం మన ఒక్క కుక్కమీద ఆగదు. గల్లీలో ఏ పాపమూ ఎరుగని పది కుక్కల మీద పడుతుంది. మోతి సంగతి జరిగిన మరునాడు మా గల్లీలో రాళ్ల దెబ్బలు తిన్నవి వీధికుక్కలే.

కంచె ఉన్న చోటు

గొలుసు విప్పడానికి ప్రత్యేకంగా చోటు ఉండాలన్న ఆలోచన అమెరికాలో బలంగా మొదలైంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1979లో ఏర్పడిన ఓలోనీ పార్కును ఆ దేశంలో తొలి కుక్కల పార్కుగా చెబుతారు. మన తెలుగునాట హైదరాబాదు మహానగర పాలక సంస్థ 2018లో కొండాపూర్‌లో ఇలాంటి పార్కును తెరిచింది. ఒకప్పుడు చెత్త పోసిన స్థలం. ఎకరానికి కొంచెం పైగా ఉంటుంది. కోటి రూపాయలకు పైగా ఖర్చుపెట్టి పచ్చిక, నడకదారి, కుక్కలకు కసరత్తు సామగ్రి, పెద్ద కుక్కలకూ చిన్న కుక్కలకూ వేరువేరు ఆవరణలు ఏర్పాటు చేశారు.

అలాంటి పార్కులో నన్ను ఆకట్టుకున్నది పచ్చిక కాదు, కంచె. కుక్క అంటే భయమున్న మనిషి కంచె బయట నిశ్చింతగా నడిచిపోవచ్చు. లోపలికి వచ్చినవాళ్లు కుక్కలుంటాయని తెలిసే వచ్చారు. ఆ మైదానంలో మా పాపకు దక్కనిది అదే. ఆమె ఒప్పుకోకుండానే నా కుక్క ఆమె దగ్గరికి వెళ్లింది.

అలాగని కంచె ఉంటే సరిపోదు. లోపల ఉన్నవాళ్లు ఒకరికొకరు హామీదారుల వంటివాళ్లు. తాకట్టు లేకుండా అప్పు ఇచ్చేముందు బ్యాంకులో మనిషి నడవడిక అంతా ఆరా తీస్తాం. గొలుసు కూడా ఒక తాకట్టే. అది తీసేసే ముందు కుక్కనూ, మనల్నీ అంతగానే పరీక్షించుకోవాలి.

ఇంట గెలిచి రచ్చ గెలువు

మన పెద్దల ఈ మాట కుక్కల పార్కుకు సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో పిలిస్తే రాని కుక్క మైదానంలో రాదు. ముందు గదిలో, తర్వాత గ్యాలరీలో, ఆపైన పదిహేను అడుగుల తాడు కట్టి ఆరుబయట "రా" అన్న ఒక్క మాట నేర్పాలి. వచ్చిన ప్రతిసారీ ఏదైనా తినిపించాలి, మెచ్చుకోవాలి. ఆలస్యంగా వచ్చినా తిట్టకూడదు. వస్తే తిట్లు తప్పవని తెలిసిన కుక్క రెండోసారి రాదు. మోతికి ఇది నేర్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

రెండో సంగతి టీకాలు. రేబిస్‌తో పాటు డిస్టెంపర్, పార్వో, లెప్టో టీకాలు డాక్టరు చెప్పిన తేదీకి వేయించాలి. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అందుకని మొదటి వరస టీకాలు పూర్తికాని పిల్లలను, అంటే సుమారు నాలుగు నెలల లోపు వాటిని, పదికుక్కలు తిరిగే నేలమీద దించకూడదు. మాకు దగ్గరలో పరేల్‌లో 1883 నాటి బాయి సకర్‌బాయి దిన్షా పెటిట్ జంతు వైద్యశాల ఉంది. మహాలక్ష్మిలో టాటా ట్రస్టుల ఆసుపత్రి 2024లో తెరిచారు. కాబట్టి దూరమని వంక చెప్పడానికి మనకు వీలులేదు. మోతి కార్డు ఇప్పుడు మా ఇంట్లో క్యాలెండరు పక్కనే వేలాడుతోంది.

ఎదకు వచ్చిన ఆడకుక్కను ఆ మూడు వారాలు పార్కుకు తేకూడదు. జబ్బుగా ఉన్నదాన్ని, మునుపు ఇతర కుక్కలమీద పడి కరిచినదాన్ని కూడా తేకూడదు. అలాంటి కుక్కకు గొలుసుమీద మంచి నడక చాలు. అన్ని కుక్కలకూ గుంపు ఇష్టం ఉండదు. పెళ్లి పందిట్లో మూల కూర్చునే మనుషులు మనలోనూ ఉన్నారు కదా.

లోపలికి వెళ్లాక

చాలా పార్కుల్లో రెండు గేట్లు ఉంటాయి. ఒకటి మూసిన తర్వాతే రెండోది తెరవాలి. ఆ రెంటి మధ్య నిలబడి గొలుసు విప్పాలి. విప్పి వదిలిన కుక్కల మధ్య ఒక కుక్క మాత్రం గొలుసుతో ఉంటే, పారిపోయే దారి లేదని బెదిరి అదే ముందు కరుస్తుంది. తినే వస్తువులు, దానికి ప్రాణమైన బంతి ఇంట్లోనే ఉంచాలి. కొట్లాటలు సాధారణంగా వాటి దగ్గరే మొదలవుతాయి.

కుక్కను వదిలేసి బెంచీమీద కూర్చుని ఫోను చూసుకోవడం అన్నింటికన్నా పెద్ద తప్పు. మన కళ్లు కుక్కమీదే ఉండాలి. ముందుకాళ్లు వంచి, వెనకభాగం పైకెత్తితే అది ఆటకు పిలుపు. ఒకదాన్ని ఒకటి వంతులవారీగా తరుముకుంటుంటే ఆటే. తోక కాళ్ల మధ్య దూరినా, మెడమీద వెంట్రుకలు నిక్కినా, ఒళ్లు కొయ్యలా బిగిసినా, ఒకే కుక్కను నాలుగు కలిసి తరుముతున్నా మన కుక్కను పిలిచి పక్కకు తీసుకుపోవాలి. కొట్లాడుకునే కుక్కల మూతుల మధ్య చెయ్యి పెట్టకూడదు. నీళ్లు చల్లడమో, ఇద్దరు యజమానులు చెరొక కుక్కనూ వెనకకాళ్లు పట్టి వెనక్కి లాగడమో చెయ్యాలి.

చిన్నపిల్లలను కుక్కల పార్కులోకి ఆటకు తీసుకుపోకూడదు. వెంట ఉంటే చెయ్యి వదలకూడదు. కుక్క ఎదురుగా వస్తే పరుగెత్తకుండా, అరవకుండా, చేతులు దగ్గరికి పెట్టుకుని చెట్టులా నిలబడమని ముందే నేర్పాలి. మా పాపకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కుక్క ఉన్న ఇంటివాణ్ణి, నేను చెప్పి ఉండవలసింది.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. ముఖ్యంగా రొప్పడం ద్వారా వేడి పోగొట్టుకుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు పరుగెత్తించకూడదు. నీళ్లు వెంట తీసుకుపోవాలి. కడుపునిండా తిన్న వెంటనే పరుగు పెట్టించకూడదు.

ఇక చెప్పడానికి మొహమాటమైనా చెప్పవలసిన సంగతి మలం ఎత్తడం. జేబులో పాత కాగితమో, సంచో లేకుండా గడప దాటకూడదు. కుక్క మలంలోని ఏలికపాముల గుడ్లు మట్టిలో చాలాకాలం ఉండి, ఆడుకునే పిల్లల చేతుల ద్వారా కడుపులోకి పోతాయి. ముంబై వానాకాలంలో లెప్టో జ్వరం సంగతి 2005 జూలై వరదల తర్వాత ఈ ఊళ్లో అందరికీ తెలిసింది. అది ఎలుకలతో పాటు కుక్కల మూత్రం ద్వారా కూడా వస్తుంది. నీళ్లు నిలిచిన నేలమీద ఆ రోజుల్లో కుక్కను వదలకపోవడం మంచిది. వీధిలో కుక్క మలం ఎత్తనివారికి 500 రూపాయల జరిమానా అని ముంబై పారిశుద్ధ్య ఉపవిధులు 2006లోనే చెప్పాయి. పెంపుడు జంతువును అజాగ్రత్తగా వదిలి మనుషులకు ప్రమాదం తెస్తే 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, ఐదు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

మన గల్లీలో చేయగలిగింది

కుక్కను పెంచవద్దని గాని, లిఫ్టు ఎక్కించవద్దని గాని సొసైటీలు నిషేధించరాదని కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ కాగితం చూపించి ఇరుగుపొరుగుతో వాదించేవాళ్లను చూశాను. అదే కాగితం పెంచేవాళ్లకూ బాధ్యతలు గుర్తుచేస్తుంది. వాటిని మాత్రం చదవరు.

మా చాళ్‌లో మేము నాలుగు మాటలు అనుకున్నాం. గ్యాలరీలో, మెట్లమీద గొలుసు లేకుండా కుక్క ఉండరాదు. మెట్లమీద ఎవరైనా ఎదురైతే కుక్కవాళ్లే గోడవైపు ఆగాలి. టీకా కార్డు ఎవరు అడిగినా చూపించాలి. కంచె లేని మైదానంలో గొలుసు విప్పరాదు. కాగితం మీద సంతకాలు లేవు. మాట ఇచ్చాం, నిలబెట్టుకుంటున్నాం.

కామాటిపుర పాత ఇళ్ల స్థానంలో మ్హాడా ద్వారా కొత్త భవనాలు కట్టే సంగతి కొన్నేళ్లుగా నలుగుతోంది. మన సంఘాల సమావేశాల్లో గుడికి చోటు, హాలుకు చోటు, పిల్లల మైదానానికి చోటు అడుగుతున్నాం. అడగాలి. పిల్లల మైదానానికి దూరంగా, కంచె వేసిన చిన్న స్థలం ఒకటి కుక్కలకోసం అడిగితే నవ్వేవాళ్లు నవ్వనివ్వండి. అది కుక్కలకు విలాసం కాదు, పిల్లల మైదానానికి రక్షణ. అయితే అడిగేముందు, ఇచ్చిన చోటును శుభ్రంగా, భయం లేకుండా నడుపుకోగలమని ఇప్పటి గ్యాలరీల్లో చూపించాలి.

మోతికి ఇప్పుడు వయసు పైబడుతోంది. పొద్దునా సాయంత్రం పొడుగు తాడుతో నడిపిస్తాను. కంచె ఉన్న చోటు దొరికినప్పుడు మాత్రమే విప్పుతాను, పిలవగానే వస్తుంది. కింది అంతస్తు పాప కూడా పెద్దదైంది. మెట్లమీద మేము వినబడగానే మలుపు దగ్గరే ఆగి, "మామా, గొలుసు ఉన్నదా?" అని అడుగుతుంది. "ఉన్నది బిడ్డా" అని చెయ్యెత్తి చూపిస్తాను. మోతిని గోడవైపుకు తీసుకుని ఆగుతాను. అప్పుడు ఆమె మా పక్కనుంచి నడిచిపోతుంది.